ఆదివారం దాకా దాచిన కాగితాలు

గోదావరి జిల్లాల్లోని ఒక పట్టణం నుంచి, బ్యాంకు మేనేజరుగా రిటైరైన 68 ఏళ్ల పాఠకుడొకరు చేత్తో రాసిన ఉత్తరం పంపారు. పేరూ ఊరూ వేయొద్దన్నారు. ఆయన చెప్పిన సంగతి క్లుప్తంగా ఇదీ.

కరోనా కాస్త తగ్గాక, 2021 చివర్లో, ఆరుగురు స్నేహితులు ప్రతి ఆదివారం సాయంత్రం ఐదున్నరకి ఆయన డాబా మీది గదిలో కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరో ఒకరు ఎంచిన వీడియోని టీవీలో పెట్టుకుని అరగంట చూస్తారు, టీ తాగుతూ గంటన్నర మాట్లాడుకుంటారు. నెలలో మొదటి ఆదివారం సంగీతం, రెండోది సైన్సు, మూడోది ప్రపంచ రాజకీయాలు, నాలుగోది ఎవరి వంతైతే వాళ్ల ఇష్టం. మూడేళ్లు దాటినా ఒక్క వారం తప్పలేదట.

ఏడు వారాల కిందట సంగీతం వంతు వచ్చింది. ఆరో తరగతి నుంచి ఒకే బెంచీ మీద కూర్చున్న స్నేహితుడు, నలభై ఏళ్లు వయొలిన్ నేర్పిన మాస్టారు, బుధవారమే ఒక వీడియో పంపారు. 432 హెర్ట్జ్ శృతిలో (అంటే వాద్యాలు సరిచూసుకునే మూల స్వరం సెకనుకి 432 సార్లు కంపించేలా) సంగీతం వింటే శరీరం ప్రకృతితో కలుస్తుందనీ, జనాన్ని అశాంతిలో ఉంచడానికి నాజీలు ఇప్పటి ప్రమాణమైన 440ని లోకం మీద రుద్దారనీ అందులో ఉంది. మన పాఠకుడు రెండు రోజులు కూర్చుని అదంతా తప్పని తేల్చుకున్నారు. పదకొండు పేజీలు ప్రింటు తీయించారు. ఆదివారం వీడియో అయ్యాక ఆ కాగితాలు ఒక్కొక్కటే చదివి, చివర్లో "నలభై ఏళ్లు కమాను పట్టావు, ఇంత చిన్న విషయం కనుక్కోలేకపోయావట్రా?" అన్నారు. స్పీకర్ల వైరు సరిచేయడానికి వచ్చిన కుర్రాడు కూడా అప్పుడు అక్కడే ఉన్నాడు. అతను మాస్టారి పాత శిష్యుడు. మాస్టారు టీ గ్లాసు కింద పెట్టి, చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్లిపోయారు. అప్పటి నుంచి రావడం లేదు, ఫోనెత్తడం లేదు.

ఆ తర్వాత మిగతా ఆదివారాలూ గాడి తప్పాయి. సైన్సు వారం ఒకాయన, చంద్రుడి మీద మనిషి దిగనే లేదనే వీడియో పెట్టారు, సాయంత్రమంతా అక్కడ పాతిన జెండా ఎందుకు ఊగిందన్న దగ్గరే అయిపోయింది. రాజకీయాల వారం ఒకరు రష్యా వైపు, ఒకరు అమెరికా వైపు గొంతు చించుకుంటున్నారు. ఇంకొకాయన మనవడు ఉక్రెయిన్‌లోని ఖార్కివ్‌లో ఎంబీబీఎస్ చదువుతూ 2022లో బయటపడి వచ్చాడు. యుద్ధం వీడియో మొదలవగానే ఆయన టీ తెస్తానని కిందికి దిగిపోతారు. "ఆయన ఎప్పుడూ వాదనకు రారు, ఆయనతో ఇబ్బంది లేదు" అని రాశారు మన పాఠకుడు. అడిగినవి రెండు: "నేను చెప్పింది నిజమే అయినప్పుడు క్షమాపణ దేనికి చెప్పాలి? ఈ కూర్చోవడం ఆపేయనా, రాజకీయాల వారం ఒక్కటీ తీసేయనా?"

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చేతిలో సెల్‌ఫోను ఉన్న ప్రతివాళ్లూ ఒంటరిగా వీడియోలు చూసుకుంటున్న రోజుల్లో, ఆరుగురు ఒక్క టీవీ ముందు కూర్చుని, చూసినదాని గురించి గంటన్నర మాట్లాడుకోవడం చిన్న విషయం కాదు. అందుకే ఇది నిలబడాలని నా కోరిక. నా మొగ్గు ఎటో మీకు తెలిస్తే నా మాటలు మీరు తూచి చూసుకోవచ్చని ముందే చెబుతున్నాను.

మీ పదకొండు పేజీల సంగతి మొదట చూద్దాం. మీరు చెప్పింది నిజమే. 440ని స్టుట్‌గార్ట్‌లో జర్మన్ శాస్త్రవేత్తల సభ ముందు యోహాన్ షైబ్లర్ ప్రతిపాదించింది 1834లో. హిట్లర్ పుట్టింది 1889లో. అంతకు ముందు యూరప్‌లో ఊరికో శృతి ఉండేది, పైగా అది ఏటికేడాదీ ఎక్కుతూ పోయింది. గాయకుల గొంతులు తట్టుకోలేకపోతున్నాయని ఫ్రాన్స్ ప్రభుత్వం 1859లో 435 దగ్గర గీత గీసింది. లండన్‌లో 1939లో జరిగిన అంతర్జాతీయ సమావేశం 440ని సిఫారసు చేసింది, 1955లో అది ప్రమాణంగా నమోదైంది. 432కీ చరిత్ర లేకపోలేదు. 1884లో ఇటలీ సంగీతకర్త వెర్డీ దాన్ని సమర్థించారు. కానీ అది ప్రకృతి పెట్టిన అంకె కాదు. హెర్ట్జ్ అంటే సెకనుకి ఎన్ని కంపనాలన్న లెక్క. రోజుని 86,400 ముక్కలు చేసి ఒక ముక్కకి సెకను అని పేరు పెట్టింది మనుషులు. ఆ ముక్క కాస్త పెద్దదో చిన్నదో అయి ఉంటే అదే స్వరానికి వేరే అంకె వచ్చేది.

ఇక అసలు సంగతికి వస్తాను. వీడియో మీకు బుధవారం వచ్చింది. అది తప్పని గురువారానికో శుక్రవారానికో మీకు తెలిసిపోయింది. ఆయన మీ ఇంటికి మూడు వీధుల అవతల ఉంటారని మీరే రాశారు. శుక్రవారం సాయంత్రం నడిచి వెళ్లి "ఒరే, ఈ నాజీల కథ తప్పురా, ఇదిగో చూడు" అని ఉండొచ్చు. ఆయన కాసేపు బెట్టు చేసేవారు, తర్వాత వీడియో మార్చుకునేవారు. మీరు ఆ నిజాన్ని ఆదివారం దాకా దాచారు. నలుగురూ ఉన్నప్పుడు విప్పాలని దాచారు. క్షమాపణ దేనికని అడిగారుగా, నా లెక్కలో దీనికి. 440 గురించి మీరు వెనక్కి తీసుకోవాల్సిన మాట ఒక్కటీ లేదు.

ఉత్తరం మూడో పేజీలో మధ్యలో ఒక వాక్యం రాసి మీరు ముందుకు వెళ్లిపోయారు: "వాళ్లావిడ పోయిన దగ్గర్నుంచి రాత్రిళ్లు నిద్రపట్టక ఆ 432 పాటలే పెట్టుకుని పడుకుంటున్నాడు." నేను అక్కడే ఆగిపోయాను. రెండేళ్లుగా ఖాళీ అయిన ఇంట్లో ఆయనకి రాత్రి గడవడానికి ఆసరా అయింది ఆ పాటలే. ఆ పాటలతో తనకి నిద్ర పడుతోందన్నది ఆయన అనుభవం. దానికి కారణం 432 అన్నది వీడియో అంటగట్టిన వివరణ. మెల్లగా సాగే, గొంతు పెంచని సంగీతం వింటూ పడుకుంటే చాలామందికి మనసు నెమ్మదించి నిద్ర పడుతుంది, దానికి శృతి ఏ అంకె దగ్గర ఉందన్నదానితో పనిలేదు. మీరు వివరణని కొట్టేశారు. ఆయనకి మాత్రం తన నిద్రనే అబద్ధమన్నట్టు వినిపించి ఉంటుంది. శిష్యుడి ముందు వృత్తిని కూడా కలిపి అనేసరికి, ఇక లేచి వెళ్లడం తప్ప ఆయన దగ్గర వేరే జవాబు లేకపోయింది.

మీ చేతిలో ఇంకో దారి ఉంది, అది మీకు అప్పుడు తట్టలేదు. మన సంగీతంలో షడ్జమాన్ని, అంటే 'స'ని, ఒక అంకెకి కట్టేయరు, గాయకుడి గొంతును బట్టి పెట్టుకుంటారు. హార్మోనియం మెట్ల లెక్కలో మగవాళ్లు చాలామంది ఒకటిన్నర శృతికి అటూ ఇటూ పాడతారు, ఆడవాళ్లలో ఐదు, ఐదున్నర మామూలు. పక్కవాద్యం వాయించే వయొలిన్ విద్వాంసుడు ఇవాళ ఒకరి శృతికి, రేపు ఇంకొకరి శృతికి బిరడాలు తిప్పుకుని తీగలు సరిచూసుకుంటాడు. 440కీ 432కీ మధ్య తేడా ఎంత? అర్ధస్వరంలో (హార్మోనియంలో పక్కపక్క మెట్ల మధ్య దూరంలో) మూడో వంతు కంటే కూడా కాస్త తక్కువ. మీ మాస్టారు కచేరీకి ముందు అంతకంటే ఎక్కువ దూరమే తీగని దించీ ఎక్కించీ ఉంటారు, కొన్ని వందలసార్లు. "ఒరే, మనవాళ్లు శృతి గొంతుకు పెట్టుకుంటారు కదా, మరి ఈ 432 మనకెక్కడ కుదురుతుంది?" అని మీరు అడిగి ఉంటే, ఆ గదిలో దానికి జవాబు చెప్పగలిగింది ఆయనొక్కరే. వీడియోలోని తప్పు ఆయన నోటితోనే, ఆయన విద్యతోనే బయటపడేది. శిష్యుడు కూడా ఏదో నేర్చుకుని వెళ్లేవాడు.

ఇప్పుడేం చేయొచ్చు? మీరొక్కరే ఆయన ఇంటికి వెళ్లడం నాకు అన్నిటికంటే దగ్గరి దారిగా కనిపిస్తోంది. కాగితాలు వద్దు, ఫోను కూడా ఇంట్లోనే వదిలేయండి. "నలుగురిలో నిన్నలా అనకుండా ఉండాల్సింది, నా తప్పు" అంటే చాలు. దాని పక్కన "కానీ" చేర్చకండి. "కానీ నేను చెప్పింది..." అని మొదలుపెడితే ఆదివారం మళ్లీ జరుగుతుంది, ఈసారి ఆయన ఇంట్లోనే. ఇందులో ఇబ్బంది ఏమిటంటే, ఆయన "అయితే 432 నిజమేనని ఒప్పుకుంటావా?" అని అడగొచ్చు. అప్పుడు రాజీ కోసం అబద్ధం చెప్పొద్దు. ముందు "నీకు నిద్ర పడుతోందన్నది నిజం" అనండి, తర్వాత "అంకె సంగతి నాకు వేరేలా తోస్తోంది, నువ్వే శృతి పెట్టి చూపించు" అనండి. ఆయన వయొలిన్ తీస్తే మీ అదృష్టం. తీయకపోతే కాఫీ తాగి రండి. మొదటిసారి ఆయన సరిగ్గా మాట్లాడకపోవచ్చు, తలుపు దగ్గరే నిలబెట్టి పంపినా పంపొచ్చు. అందుకు సిద్ధపడే వెళ్లాలి.

అవమానం నలుగురిలో జరిగింది కాబట్టి మాట కూడా నలుగురిలోనే చెప్పాలని కొందరంటారు. అందులో న్యాయం ఉంది. కానీ ఆయన ఒప్పుకోకుండా గ్రూపులో రాసేస్తే, ఏడు వారాలుగా ఆయన మూసిపెట్టుకున్నదాన్ని మళ్లీ అందరి ముందు తెరిచినట్టవుతుంది. ముందు ఇంటికి వెళ్లండి, తర్వాత "ఆదివారం అందరిలో కూడా చెప్పనా?" అని ఆయన్నే అడగండి. ఆ శిష్యుడికి మాత్రం మీరు విడిగా చెప్పవచ్చు, "మీ గురువుగారి విషయంలో తొందరపడ్డాను బాబూ" అని. ఆ ఒక్క మాట మాస్టారి చెవిన పడితే మీ వంద ఫోన్ల కంటే ఎక్కువ పని చేస్తుందని నా నమ్మకం.

ఇంకొకరిని మధ్యవర్తిగా పంపే ఆలోచన కూడా రాశారు. పంపొచ్చు, కానీ దాదాపు అరవై ఏళ్ల నాటి స్నేహానికి రాయబారం ఎందుకు అవసరమైందని ఆయన నొచ్చుకోవచ్చు. ఇక కాలమే సర్దుతుందని ఊరుకోవడమూ ఒక దారే. మీ ఇద్దరికీ డెబ్బై దగ్గరపడుతోంది. అందుకే ఆ దారి చెప్పడానికి నాకు మనసు రావడం లేదు.

రెండో ప్రశ్న. మూడు వారాలకి మూడు విషయాలు పెట్టుకున్నారు, బాగుంది. కానీ మూడింటి మీదా మీరు మాట్లాడే పద్ధతి ఒకటే అయిపోయింది. ఎవరు గెలిచారు, ఎవరు ఓడారు అన్న పద్ధతి. సంగీతం ముందు చెవికి చెందినది. అక్కడ ఎవరి అనుభవాన్నీ ఎవరూ రద్దు చేయలేరు. సైన్సులో చాలా విషయాలు తేల్చుకోవచ్చు, కాకపోతే ఓపిక కావాలి. జరుగుతున్న యుద్ధం గురించి మాట్లాడేటప్పుడు మనకి తెలియనిదే ఎక్కువ, అక్కడ తీర్పు చెప్పాలన్న తొందరే గొడవ తెస్తుంది.

జెండా సంగతే తీసుకోండి. గాలి లేని చోట జెండా ఎగరదని నాసాకి ముందే తెలుసు, అందుకే పైన అడ్డంగా ఒక కడ్డీ పెట్టి పంపారు. కర్రని నేలలోకి దించుతూ తిప్పినప్పుడు గుడ్డ ఊగింది. ఆపడానికి గాలి లేదు కాబట్టి ఇంకాసేపు ఊగింది. ఇది చెప్పినా మీ స్నేహితుడు ఒప్పుకోకపోవచ్చు. అప్పుడు వాదన పెంచకుండా ఆయన్నే ఒక ప్రశ్నకి జవాబు వెతకమనండి: అపోలో 11 వాళ్లు 1969లో అక్కడ పెట్టి వచ్చిన అద్దాల పలక మీదికి ఇప్పటికీ లేజర్ కాంతి పంపి వెనక్కి పట్టుకుంటారు, ఆ కాంతి వెళ్లి రావడానికి ఎంతసేపు పడుతుంది? సుమారు రెండున్నర సెకన్లు. దాని నుంచి చంద్రుడి దూరం లెక్కకట్టొచ్చు, బ్యాంకులో చేసినవారు మీకది చిటికెలో పని. అమెరికా మాట నమ్మనంటే, మన శ్రీహరికోట నుంచి వెళ్లిన చంద్రయాన్-2 ఆర్బిటర్ ఆ దిగిన చోటుని పైనుంచి ఫొటో తీసిందని చెప్పండి. వాదన అక్కడితో ఆగకపోయినా, కనీసం జెండా దగ్గర్నుంచి కదులుతుంది.

ఇంకో మాట, మీకు డాబా ఉంది. సైన్సు వారం టీవీ కట్టేసి ఆకాశం కిందికి రండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున గంటన్నరకోసారి భూమిని చుట్టి వస్తుంది. కొన్ని రోజుల్లో పొద్దుగూకిన కాసేపటికి మామూలు కళ్లకే, మెరిసే చుక్కలా, నాలుగైదు నిమిషాలు కనిపిస్తూ సాగిపోతుంది. ఏ ఊరికి ఏ రోజు కనిపిస్తుందో నాసా ముందే చెబుతుంది. ఆరుగురూ తలెత్తి దాన్ని చూసిన సాయంత్రం, అంతరిక్షమే బూటకమనే వీడియోకి పట్టు తగ్గుతుంది.

ఇక టీ కోసం కిందికి దిగే ఆ స్నేహితుడు. "ఆయనతో ఇబ్బంది లేదు" అని రాశారు. నాకైతే మాస్టారి తర్వాత మీరు చూడాల్సింది ఆయన్నే. 2022 ఫిబ్రవరి 24న యుద్ధం మొదలైనప్పుడు ఖార్కివ్‌లో ఉన్న మన పిల్లలు భూగర్భ గదుల్లో, మెట్రో స్టేషన్లలో తలదాచుకున్నారు. మార్చి 1న కర్ణాటక కుర్రాడొకరు ఫిరంగి గుండ్ల దాడిలో ఆ ఊళ్లోనే చనిపోయాడు. తర్వాత పోలండ్, రొమేనియా, హంగరీ సరిహద్దులు దాటించి 20,000 మందికి పైగా భారతీయుల్ని వెనక్కి తెచ్చారు, మన రెండు రాష్ట్రాల పిల్లలూ వాళ్లలో ఉన్నారు. ఆ రోజుల్లో మీ స్నేహితుడు టీవీ ముందు ఎలా కూర్చుని ఉంటారో ఊహించండి. ఇప్పుడు ప్రతి మూడో ఆదివారం, "మూడో ప్రపంచ యుద్ధం మొదలైంది" అన్న ఎర్రక్షరాల కింద అవే పేలుళ్లు ఆయన ముందు పెడుతున్నారు. ఆ పేలుళ్లలో నిజమెంతో కూడా చెప్పలేం. యుద్ధ దృశ్యాలంటూ తిరిగిన కొన్ని వీడియోలు తమ కంప్యూటర్ గేములోవని చెక్ దేశపు కంపెనీ ఒకటి 2022లో స్వయంగా ప్రకటించాల్సి వచ్చింది.

రాజకీయాల వారం తీసేస్తే గది చల్లబడుతుంది. అయితే ఆ ఇద్దరూ ఆ మాటలే వాకింగ్‌లో మాట్లాడుకుంటారు, అక్కడ ఆపేవాళ్లుండరు. ఉంచితే, ఎలా ఉంచాలో మారాలి. యుద్ధం బొమ్మలు లేకుండా ఒక పటం గోడకి తగిలించి మాట్లాడుకోవచ్చు: గోధుమలు ఎటు నుంచి ఎటు వెళ్తాయి, గ్యాసు గొట్టాలు ఎక్కడున్నాయి, మన పిల్లలు డాక్టరు చదువుకి అంత దూరం ఎందుకు పోవాల్సి వచ్చింది. ఈ చివరి ప్రశ్నకి మీ గదిలో అందరికంటే ఎక్కువ తెలిసింది కిందికి దిగిపోతున్న ఆయనకే. కానీ ఆయన్ని హఠాత్తుగా అందరిలో "మీ మనవడి సంగతి చెప్పండి" అనకండి. విడిగా అడగండి. చెప్పనంటే వదిలేయండి, చెబుతానంటే ఆ రోజు వీడియో అక్కర్లేదు. ఈ మార్పు రష్యా, అమెరికా స్నేహితులకి చప్పగా అనిపించొచ్చు, ఒకరు మానేసినా మానేయొచ్చు. ఆ సంగతి ముందే అనుకుని దిగండి. లేదూ, రెండు నెలలు సంగీతం మాత్రమే పెట్టుకుని మిగతావి తర్వాత చూద్దామంటే అదీ మంచి దారే. మాస్టారు లేకుండా మాత్రం అది మొదలుపెట్టొద్దు. ఆయన వెళ్లిపోతే సంగీతం మిగిలిందన్నట్టుగా ఉంటుంది.

చిన్న పని ఒకటి. మాస్టారి ఫోన్లో ఒక వీడియో అయ్యాక ఇంకొకటి దానంతటదే మొదలయ్యే ఏర్పాటు ఉండి ఉంటుంది. రాత్రంతా నడిచే ఫోను, పాట దగ్గర మొదలై రహస్య చరిత్రల దగ్గరికి చేరుతుంది. నిద్రలో ఉన్న మనిషి దాన్ని ఎంచుకోలేదు. మీ మధ్య మాటలు కుదిరాక, ఆయన సరేనంటేనే, ఆ ఏర్పాటు తీసేసి పెట్టండి. ఆయనకి నచ్చిన పాటలే ఒక వరుసలో పెట్టి ఇవ్వమని ఆ శిష్యుణ్ణి అడిగినా బాగుంటుంది.

టీవీ మీది కాబట్టి అందరూ మిమ్మల్నే పెద్దగా చూస్తున్నారనీ, అది బరువుగా ఉందనీ చివర్లో రాశారు. రిమోటు వారానికొకరికి ఇచ్చేయండి. వీడియో ఎంచినవాళ్లు ఆ రోజు చివర మాట్లాడతారు, మొదట మిగతా ఐదుగురూ ఒక్కో ప్రశ్న అడుగుతారు, వాదన కాదు, ప్రశ్న. పాటించి చూడండి. నచ్చకపోతే మార్చుకోండి, అది మీ గది.

మాస్టారు మధ్యాహ్నం నాలుగింటి దాకా పడుకుంటారని రాశారు. రాత్రిళ్లు నిద్ర తక్కువైన మనిషి కాబట్టి నాలుగున్నర దాటాక వెళ్లండి. ఆదివారం మాత్రం వద్దు.